సరుకు మోసే ఎలక్ట్రిక్ సైకిల్ విశాఖ ఎత్తుపల్లాలకు పనికివస్తుందా?

ప్రశ్న: మేము ఎంవీపీ కాలనీలో ఉంటాం. నేనూ మావారూ కలిసి ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి, ప్యాకెట్లు చేసి పెదవాల్తేరు, సిరిపురం, మహారాణిపేటలలోని ఇళ్లకూ చిన్న దుకాణాలకూ వేస్తున్నాం. రోజుకు అరవై, డెబ్భై కిలోల దాకా ఉంటుంది. తిరుగుడు మొత్తం 18 కిలోమీటర్లు దాటదు. ఇన్నాళ్లూ ఆటో మాట్లాడుకుంటున్నాం. ఇప్పుడు సరుకు వేసుకునే ఎలక్ట్రిక్ సైకిల్ కొనుక్కుని, ఇద్దరం మార్చి మార్చి నడుపుదామని ఉంది. ఎత్తు రోడ్లు ఎక్కుతుందా, సముద్రపు గాలికి తుప్పు పట్టిపోదా, బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుంది అన్నవి నా సందేహాలు. మాది మూడో అంతస్తు, సెల్లారులో ప్లగ్గు లేదు. మా బావగారు మాత్రం పాత స్కూటరు కొనుక్కోమంటున్నారు. పదిహేడేళ్ల మా అబ్బాయి కూడా దీన్ని నడపవచ్చా?
ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మీరు చెప్పిన బరువుకూ మీరు తిరిగే దూరానికీ ఈ బండి చక్కగా సరిపోతుంది, కొనుక్కోవచ్చు. అయితే ఎక్కుతుందా అని అడిగారు గాని, దిగేటప్పుడు ఆగుతుందా అని అడగలేదు. విశాఖలో బరువుతో తిరిగే సైకిలుకు అసలు పరీక్ష అదే కాబట్టి, మీ సందేహాలన్నింటికంటే ముందు దాని గురించే రాస్తున్నాను.

ముందుగా ఒక లెక్క చూడండి. సామాను 70 కిలోలు, నడిపే మనిషి 65, బండి 45 అనుకుంటే మొత్తం 180 కిలోలు అవుతుంది. వంద మీటర్ల దూరానికి ఆరు మీటర్లు లేచే ఎత్తు మీద, గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఇంత బరువును ఎక్కించాలంటే సుమారు 340 వాట్ల శక్తి కావాలి. అందులో 250 వాట్లు మోటారు ఇస్తే, మిగిలిన తొంభై వాట్లు తొక్కేవారి కాళ్ల నుంచి రావాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషి కొద్ది నిమిషాల పాటు అంత శక్తిని ఇబ్బంది లేకుండానే ఇవ్వగలరు. కాబట్టి బండి ఎక్కుతుంది, కాకపోతే తొక్కుతూ ఉంటేనే ఎక్కుతుంది. ఊరికే కూర్చుని థ్రాటిల్ తిప్పి ఎక్కిద్దామనుకుంటే వేగం పడిపోయి, మోటారు లోపల తీగచుట్టలు వేడెక్కిపోతాయి. ఎత్తు రోడ్డు వల్ల బ్యాటరీ త్వరగా అయిపోతుందన్న భయం చాలామందికి ఉంటుంది గాని, అది అంత నిజం కాదు. 180 కిలోలను 40 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి, మోటారులో పోయే నష్టాన్ని కలుపుకున్నా, 30 వాట్-అవర్ల లోపే ఖర్చవుతుంది (వెయ్యి వాట్-అవర్లయితే ఒక యూనిట్). 48 వోల్టులు, 15 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 720 వాట్-అవర్లు ఉంటాయి కాబట్టి అది నూటికి నాలుగు వంతులు మాత్రమే. అంటే ఎత్తు వల్ల శ్రమపడేది ప్రధానంగా మోటారే.

ఇప్పుడు అదే ఎత్తు నుంచి కిందికి రండి. ఎక్కేటప్పుడు పెట్టిన శక్తి అంతా దిగేటప్పుడు ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి, ఆ చోటు మీ బ్రేకులే. సిరిపురం వైపు నుంచి మహారాణిపేటకు వెళ్లి, ఊరంతా కేజీహెచ్ డౌన్ అని పిలిచే ఆ దిగుడులో నిండు బరువుతో దిగుతున్నారనుకోండి. 25 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి పూర్తిగా ఆగినప్పుడు పుట్టే వేడికి పది రెట్లకు పైగా వేడి, 40 మీటర్ల దిగుడులో బ్రేకుల మీద పడుతుంది. మామూలు సైకిలుకు ఉండే రబ్బరు బ్రేకులు దీనికి పనికిరావు. కేబులుతో లాగే డిస్కు బ్రేకులు పనిచేస్తాయి గాని, కేబులు సాగినప్పుడల్లా బిగించాలి, పైగా మన గాలికి లోపలి తీగ తుప్పు పట్టి బిగుసుకుంటుంది. రెండు చక్రాలకూ కేబులుకు బదులు ద్రవంతో పనిచేసే హైడ్రాలిక్ డిస్కు బ్రేకులు, కనీసం 180 మిల్లీమీటర్ల రోటర్లు (ప్యాడ్లు పట్టే లోహపు పళ్లేలు) ఉన్న బండి అయితేనే తీసుకోండి. ధర ఎక్కువని దుకాణదారు మరో మోడల్ చూపిస్తే, బ్యాటరీ కాస్త చిన్నదైనా సరిపెట్టుకోండి గాని బ్రేకుల విషయంలో రాజీ పడవద్దు. దిగుడు మొదలయ్యే ముందే వేగాన్ని 12, 15 కిలోమీటర్లకు తగ్గించుకుని, రెండు బ్రేకులనూ కొద్దికొద్దిగా పట్టి వదులుతూ దిగాలి. పై నుంచి కింది దాకా ఒకే బ్రేకును సన్నగా పట్టుకుని దిగితే ప్యాడ్లు కాలి మెరుపు తేలి పట్టు కోల్పోతాయి. కాలిన వాసన వస్తే పక్కకు ఆపి చల్లారనివ్వండి, నీళ్లు మాత్రం పోయవద్దు, రోటర్ వంకర పోతుంది.

ప్యాడ్లలో రెసిన్‌తో చేసినవీ, లోహపు పొడిని కాల్చి చేసినవీ అని రెండు రకాలు దొరుకుతాయి. రెండోవి కొంచెం కీచుమంటాయి, కాని వేడికీ వానకూ బాగా తట్టుకుంటాయి కాబట్టి, మీ రోటర్‌కు అవి పనికివస్తాయని తయారీదారు రాసి ఉంటే వాటినే వేయించండి. ప్యాడు మీద మిగిలిన పదార్థం అర మిల్లీమీటరుకు వచ్చిందంటే మార్చేయాలి. షిమానో వంటి కంపెనీల రోటర్ కొత్తగా ఉన్నప్పుడు 1.8 మిల్లీమీటర్ల మందం ఉంటుంది, 1.5కు అరిగితే దాన్ని తీసేయాలి. హైడ్రాలిక్ బ్రేకుల్లో కొన్నింటికి మినరల్ ఆయిల్, కొన్నింటికి డాట్ ద్రవం వాడతారు. ఒకదాంట్లో రెండోది పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి బ్రేకు పాడవుతుంది. మోటారు సైకిళ్ల మెకానిక్ దగ్గర డాట్ ద్రవమే చేతికి అందేలా ఉంటుంది కాబట్టి, మీ బండికి ఏది పోయాలో లివరు మీద చూసి ఆయనకు ముందే చెప్పండి.

మోటారు విషయానికి వస్తే, వెనక చక్రం హబ్బులో గేర్లతో ఉండేది ఒక రకం, పెడళ్ల దగ్గర ఉండి చైను ద్వారా లాగేది మరో రకం. రెండోది సైకిలు గేర్లను వాడుకుంటుంది కాబట్టి ఎత్తుల్లో హాయిగా ఎక్కుతుంది, కాని చైనునూ పళ్ల చక్రాలనూ త్వరగా అరగదీస్తుంది, చెడితే బాగుచేసేవారు కూడా తక్కువ. హబ్ మోటారు రిపేరు సులువు, ఖరీదూ తక్కువ. చక్రం 20 అంగుళాలది అయితే అదే మోటారు పెద్ద చక్రం కంటే ఎక్కువ బలంతో లాగుతుంది. మీ దారికి 20 అంగుళాల వెనక చక్రంలో గేర్లున్న హబ్ మోటారు చాలని నా అభిప్రాయం. గేర్లు లేని హబ్ మోటారు కూడా ఉంది. దిగేటప్పుడు అది బండిని పట్టి ఉంచి కొంత కరెంటును బ్యాటరీకి తిరిగి ఇవ్వగలదు. ఆ మాట చెప్పి అమ్మజూపుతారు గాని, నెమ్మదిగా బరువుతో ఎక్కే పనికి అది బలహీనం, పైగా బరువు ఎక్కువ.

నా అభిప్రాయం మీద మాత్రమే ఆధారపడి కొనవద్దు. దుకాణం ముందు ఖాళీ బండి మీద ఒక చుట్టు తిరిగితే ఏమీ తెలియదు. ఇరవై లీటర్ల మంచినీళ్ల టిన్నులు మూడు నింపించి బండిలో పెట్టి కట్టేస్తే అరవై కిలోలు అవుతాయి. ఆ బరువుతో మీరు రోజూ వెళ్లే దారిలో అన్నింటికంటే ఎత్తైన చోటికి ఎక్కి, మళ్లీ దిగి చూడండి. తొక్కుతూ ఉన్నా వేగం 8 కిలోమీటర్ల కంటే తగ్గిపోతే, లేదా పైకి చేరాక హబ్బు మీద వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే, ఆ మోటారు మీకు చాలదు. పెడళ్ల దగ్గర మోటారు ఉన్నదాన్ని చూడండి. దిగేటప్పుడు బ్రేకు లివరు హ్యాండిలు దాకా వచ్చేస్తున్నదా, రెండు వేళ్లతోనే ఆగుతున్నదా గమనించండి. ఇలా చూడనివ్వని దుకాణంలో కొనవలసిన అవసరం లేదు.

మీ అబ్బాయి సంగతి చట్టంతో ముడిపడి ఉంది కాబట్టి దాన్ని ఇక్కడే చెబుతాను. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం, మోటారు 30 నిమిషాల శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, పుణేలోని ఏఆర్ఏఐ వంటి గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరించిన బండిని మోటారు వాహనంగా లెక్కించరు. దానికి రిజిస్ట్రేషన్, డ్రైవింగ్ లైసెన్సు, తప్పనిసరి బీమా అక్కర్లేదు. ఇక్కడ కొలిచేది అరగంట పాటు నిలకడగా ఇవ్వగల శక్తిని. అందుకే 250 వాట్లని రాసి ఉన్న మోటారు ఎత్తు మీద కొద్దిసేపు అంతకంటే ఎక్కువ లాగినా అది నియమానికి విరుద్ధం కాదు. అయితే కొందరు అమ్మకందారులు మోటారును అదుపు చేసే కంట్రోలర్‌లో వేగపు పరిమితిని తీసేసి, నలభై దాకా పోతుందని ఇస్తుంటారు. అలా చేసిన మరుక్షణం అది రిజిస్ట్రేషన్ లేని మోటారు వాహనం అవుతుంది. ప్రమాదం జరిగితే ఎదుటివారికి ఇవ్వవలసిన పరిహారం మీ చేతి నుంచే పోతుంది. ధ్రువీకరణ పత్రం నకలు బిల్లుతో పాటు తీసుకుని దాచుకోండి.

సరుకు పేర్చడంలో ఒకే సూత్రం, బరువు ఎంత కిందికి ఉంటే అంత మంచిది. పాలవాళ్లు సైకిలుకు రెండు వైపులా క్యాన్లను ఇరుసు దాకా వేలాడదీసేది ఇందుకే. వెనక పొడుగు క్యారియరు ఉన్న బండిలో పిండి ప్యాకెట్ల క్రేట్లను పక్క సంచుల్లో కిందికి పెట్టి, పైన తేలికైనవి ఉంచండి. సగం నిండిన క్యాన్లలో పిండి మలుపుల దగ్గర అటూ ఇటూ ఊగి బండిని లాగేస్తుంది కాబట్టి ప్యాకెట్లే మేలు. మూడు చక్రాల రకం ఆగినప్పుడు కాలు పెట్టనక్కర్లేక సుఖంగా అనిపిస్తుంది, కాని పక్కకు వాలి ఉన్న దిగుడు మలుపులో అది తిరగబడే ప్రమాదం రెండు చక్రాల బండికంటే ఎక్కువ. ఏటవాలు వీధిలో ఆపి మెట్లెక్కి వెళ్లవలసి వస్తుంది కాబట్టి, రెండు కాళ్ల స్టాండూ, బ్రేకు లివరును పట్టి ఉంచే లాకూ తప్పనిసరి. మీరూ నడుపుతానన్నారు గనుక చీర, చున్నీ చక్రంలో పడకుండా వెనక చక్రానికి రెండు వైపులా గార్డు కూడా వేయించుకోండి.

బ్యాటరీ గురించి. సెల్లారులో ప్లగ్గు లేకపోవడం పెద్ద అడ్డంకి కాదు, తాళంతో ఊడదీసి పైకి తీసుకువెళ్లగల బ్యాటరీ ఉన్న బండి కొనండి. 720 వాట్-అవర్ల బ్యాటరీ నాలుగైదు కిలోల బరువు ఉంటుంది. మామూలు 5 ఆంపియర్ల ప్లగ్గే చాలు, ఎందుకంటే దాని ఛార్జరు తీసుకునేది నూటయాభై వాట్ల చుట్టుపక్కల మాత్రమే. పూర్తిగా నింపడానికి ఒక యూనిట్‌కు కాస్త అటూ ఇటూగా కరెంటు పడుతుంది కాబట్టి, మీ ఏపీఈపీడీసీఎల్ బిల్లులో చివరి స్లాబు రేటు ఎంతో అంతే ఒక ఛార్జింగు ఖర్చు. బరువుతో, ఎత్తుపల్లాలతో కలిపి కిలోమీటరుకు 15 నుంచి 20 వాట్-అవర్లు అవుతాయని లెక్క వేసుకుంటే మీ 18 కిలోమీటర్లకు 360 దాకా పోతాయి. మూడు నాలుగేళ్ల తరవాత బ్యాటరీ శక్తి నూటికి ఎనభైకి పడిపోయినా మీ తిరుగుడు ఆగదు. కంపెనీవారు చెప్పే దూరం ఖాళీ బండితో, చదును రోడ్డు మీద వేసిన లెక్క, దాన్ని సగం చేసి చూసుకోండి.

నికెల్, మాంగనీసు, కోబాల్టు ఉండే లిథియం బ్యాటరీ సాధారణంగా ఐదు వందల నుంచి ఎనిమిది వందల పూర్తి ఛార్జింగుల దాకా బాగుంటుంది. ఐరన్ ఫాస్ఫేటు రకం బరువెక్కువే గాని, దాని ఆయుష్షు అంతకు రెండింతలకు పైనే ఉంటుంది, వేడికి కూడా అంత తేలికగా నిప్పు అంటుకోదు. ఎంవీపీ ఎండల్లో రోజూ తిరిగేవారికి, అదీ ఇంట్లో ఛార్జింగు పెట్టుకునేవారికి, నేను ఐరన్ ఫాస్ఫేటునే సూచిస్తాను. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. రెండు రకాల మీదా 48 వోల్టులనే రాసి ఉంటుంది. కాని మొదటి రకం 13 సెల్లుల బ్యాటరీ 54.6 వోల్టుల దగ్గర నిండితే, 16 సెల్లుల ఐరన్ ఫాస్ఫేటుది 58.4 వోల్టుల దగ్గర నిండుతుంది. రెండోదాని ఛార్జరును మొదటిదానికి తగిలిస్తే, లోపలి రక్షణ సర్క్యూటు పనిచేయని రోజున మంటలు లేస్తాయి. పక్కింటివారి ఛార్జరు పిన్ను సరిపోయిందని వాడవద్దు, ఛార్జరు వెనక రాసిన ఔట్‌పుట్ వోల్టేజీ చదవండి.

తిరిగి రాగానే వేడి మీద ఉన్న బ్యాటరీకి ఛార్జింగు పెట్టకుండా ఒక గంట చల్లారనివ్వండి. రోజువారీగా తొంభై శాతం దగ్గర తీసేస్తే ఆయుష్షు పెరుగుతుంది, అయితే సెల్లులన్నీ సమానం కావడానికి నెలకు ఒకటి రెండుసార్లు పూర్తిగా నిండనివ్వాలి. వీధి గుమ్మం దగ్గర, బయటికి వెళ్లే దారిలో, గ్యాసు సిలిండరు పక్కన ఛార్జింగు పెట్టకూడదు. గ్రైండర్ల దగ్గర తడి ఉంటుంది కాబట్టి అక్కడా వద్దు. అందరూ నిద్రపోయాక కాకుండా, మీరు మెలకువగా తిరుగుతున్న సమయంలో పెట్టండి. కింద పడి సొట్ట పోయినదాన్నీ, ఉబ్బినదాన్నీ ఇంట్లో ఉంచకూడదు, సర్వీసు కేంద్రానికి అప్పగించాలి.

సముద్రపు గాలి గురించి మీ భయం సమంజసమైనదే. ఉప్పు తేమ ముందుగా పట్టేది మెరిసే ఫ్రేమును కాదు, కనెక్టర్లలోని పిన్నులను, బ్రేకు బోల్టులను, స్పోకులను రిమ్ముకు బిగించే చిన్న నట్లను (నిపుల్స్‌ను). కొన్న వారంలోనే బయటికి కనిపించే ప్రతి కనెక్టరునూ విప్పించి, తేమను లోపలికి రానివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు రాయించి మళ్లీ బిగించమనండి. అల్యూమినియం ఫ్రేములోకి స్టీలు బోల్టులు దిగే చోట గ్రీజు లేకపోతే ఒకటి రెండేళ్లలో రెండు లోహాలూ కలిసిపోయినట్టు బిగుసుకుని, విప్పబోతే బోల్టు తల ఊడివస్తుంది. సీటు గొట్టం కూడా అంతే. స్పోకులు స్టెయిన్‌లెస్ స్టీలువేనా అని కొనేటప్పుడే అడగండి. పిండి ఒలికి తీగల దగ్గర ఎండిపోతే అది పులిసి, ఉప్పుతో కలిసి, గాలికంటే త్వరగా పిన్నులను తింటుంది కాబట్టి అదే రోజు తడిగుడ్డతో తుడిచేయండి. వారానికోసారి మగ్గుతో మంచినీళ్లు పోసి, గుడ్డతో తుడిచి, నీడలో ఆరనివ్వడం చాలు. వాటర్ సర్వీసింగు సెంటరులో పైపు ఒత్తిడితో కొట్టిస్తే బేరింగుల్లోకీ మోటారులోకీ నీళ్లు దూరతాయి, ఆ పని మాత్రం చేయవద్దు.

చైనుకు వాడేసిన ఇంజను ఆయిల్ పోయడం సైకిలు షాపుల్లో అలవాటు. దానికి ఇసుకా, మన ఊరి నల్లటి దుమ్మూ అంటుకుని సానరాయిలా అరగదీస్తుంది. చైను నూనె కొని, ఒక్కో లింకుకూ ఒక్కో చుక్క వేసి, పైన మిగిలింది తుడిచేయాలి. అరుగుదల చూడటానికి స్టీలు స్కేలు చాలు. ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే, పన్నెండు అంగుళాల గీత అక్కడి నుంచి లెక్కపెట్టిన ఇరవైనాలుగో పిన్ను మధ్యకు సరిగ్గా రావాలి. ఆ పిన్ను గీత దాటి ఒకటిన్నర మిల్లీమీటర్లు అవతల ఉంటే చైను మార్చండి. మూడు మిల్లీమీటర్ల దాకా ఆగితే పళ్ల చక్రాలను కూడా మార్చవలసి వస్తుంది, ఖర్చు రెండింతలు దాటుతుంది. వెనక స్పోకులు మొదటి నెలలో కొంత వదులవుతాయి, ఒకసారి బిగించి చక్రం వంకర తీయించండి. ఈ పని మీ వీధి చివర పంచర్ షాపాయనే చేయగలరు. బ్యాటరీ, కంట్రోలరు, మోటారు తప్ప ఈ బండిలో ఆయన చేతికి అందనిది చాలా తక్కువ, కాబట్టి కొన్నప్పుడే ఆయనకు చూపించి పరిచయం చేయండి. లావుపాటి 20 అంగుళాల టైర్లు, ట్యూబులు, మీ బ్రేకుకు సరిపోయే ప్యాడ్లు ఊళ్లో అడిగిన రోజున దొరకకపోవచ్చు, ఒక్కో జత ఇంట్లో ఉంచుకోండి.

వానల్లో తిరగవచ్చు గాని, నిలిచిన నీళ్లలోకి దించకూడదు. 20 అంగుళాల చక్రం ఇరుసు నేల నుంచి పాతిక సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. అంటే మోకాలి లోతు కూడా అక్కర్లేదు, పిక్కల మధ్య దాకా నీళ్లుంటే మోటారు ఇరుసు మునిగినట్టే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేకపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు బ్యాటరీని నింపి పైకి తెచ్చుకుని, బండిని సెల్లారు నుంచి తీసి ఎత్తైన చోట కట్టేయండి.

మీ బావగారి మాటలో న్యాయం లేకపోలేదు. మీ సరుకు వంద కిలోలు దాటినా, మధురవాడ, గాజువాకల నుంచి కొత్త ఖాతాలు వచ్చినా ఈ సైకిలు మీకు చాలదు. జాతీయ రహదారి 16 మీద లారీల మధ్య 25 కిలోమీటర్ల వేగంతో వెళ్లడం నేను ఎవరికీ సూచించను. అప్పుడు సరుకు మోసే ఎలక్ట్రిక్ త్రీవీలరు గురించి ఆలోచించండి. ఇప్పటి మీ ఖాతాలన్నీ హైవే ఎక్కకుండా లోపలి వీధుల్లోనే తిరిగిరాగలిగినవి. ఈ దారిలో డెబ్భై కిలోల పిండిని కాళ్ల దగ్గరా వెనక సీటు మీదా కట్టుకున్న పాత స్కూటరుకంటే, బరువు కోసమే పొడుగ్గా చేసిన సైకిలు నిలకడగా నడుస్తుంది.

మీ అబ్బాయి నడపడానికి చట్టం అడ్డు చెప్పదు. హెల్మెట్ చట్టం కోసం కాకపోయినా తలకోసం పెట్టుకోవాలి, మీ ఇద్దరికీ కూడా ఇదే చెబుతున్నాను. మొదట ఖాళీ బండితో ఎంవీపీ సెక్టార్ల చదును వీధుల్లో, తరవాత సగం బరువుతో పెదవాల్తేరు దాకా అలవాటు చేయండి. పట్టి వదులుతూ దిగడం అతని చేతికి అలవడిందని మీవారు వెనక ఉండి చూసి ఒప్పుకునే దాకా, మహారాణిపేట ఖాతాలను పెద్దవాళ్లే వేయండి.